మూసిన చీటీలోని పాట

1797 జనవరిలో జర్మను మహాకవి గోథే, తన ‘హెర్మన్, డొరోతియా’ కావ్యమునకు బెర్లిను ప్రకాశకుడు ఫీవెగ్ లోలోపల ఎంత వెల కట్టుచున్నాడో తెలిసికొనగోరి, తాను కోరు మొత్తమును చీటీపై వ్రాసి, ముద్ర వేసి, బ్యోటిగర్ అను మధ్యవర్తి చేతి కిచ్చెను. ప్రకాశకుడు పలికిన సొమ్ము చీటీలోని దానికి తక్కువైనచో బేరము లేదు; ఎక్కువైనచో చీటీలోని సొమ్మే చాలును. ఎంత పలికినను ఇచ్చునది ఆ చీటీలోని మొత్తమే గనుక, పలుకువాడు తన మనసులోని వెలను దాచవలసిన పని లేదు. ఉపాయము చక్కనిదే, మధ్యవర్తి నోరే చక్కనిది కాదు. గుట్టు పొక్కెను, ఫీవెగ్ సరిగా ఆ చీటీలోని 1000 టాలర్లే పలికెను. కవికి సొమ్ము దక్కినది గాని, తెలియగోరినది తెలియలేదు.

ఇట్టి ఉపాయమే పందొమ్మిదవ శతాబ్దమున మరియొక రూపమున కనబడెను: తపాలాబిళ్లల వేలములలో దూరదేశపు సేకర్తలు తమ గరిష్ఠపు పాటను ఉత్తరమున వ్రాసి పంపగా, వర్తకుడే వారి పక్షమున ప్రత్యర్థికి మించి ఒక్కొక్క మెట్టు పాడుచుండెడివాడు. 1961లో ఆర్థికశాస్త్రవేత్త విలియం విక్రీ, గెలిచినవాడు తన పాటను గాక రెండవ పెద్ద పాటను బట్టి వెల చెల్లించు ఈ పద్ధతి వెనుకనున్న తర్కమును శాస్త్రముగా విప్పి చూపెను. 1996లో నోబెల్ ప్రకటింపబడిన మూడు దినములకే ఆయన కన్నుమూయుట విధివైపరీత్యము.

1995లో పియర్ ఒమిడ్యార్ స్థాపించిన ఈబే అను అంతర్జాల వేలశాలలో ఆ తపాలాబిళ్లల వర్తకుని పని యంత్రమునకు సంక్రమించెను. మనము గరిష్ఠమును చెప్పిన చాలును. తక్కిన పాట అదే పాడును. ఒకడు 40 డాలర్లు, వేఱొకడు 50 డాలర్లు గరిష్ఠముగా చెప్పిరనుకొనుడు; 25 మొదలు 100 లోపు మెట్టు ఒక డాలరు గనుక వస్తువు 41కి రెండవవానిదగును. ప్రత్యర్థి గరిష్ఠము 49.60 అయినచో వెల 50.60 కాదు, 50 వద్దనే ఆగును. గరిష్ఠమును దాటు హక్కు మెట్టునకు లేదు. ఇరువురును ఒకే మొత్తము చెప్పినచో ముందు చెప్పినవానిదే వస్తువు.

యంత్రము బ్యోటిగరువలె నోరు జాఱదు. అయినను, పట్టుదలతో మెట్టు మెట్టుగా పాట పెంచి చూచువానికి, బదులు వచ్చుట ఎచ్చట ఆగునో అచ్చట ఎదుటివాని గుట్టు బయటపడును. కావుననే ఘటికులు యంత్రమునకు సైతము ముందుగా చెప్పక, గడువు తీఱు కడపటి క్షణములకై కాచుకొని కూర్చుందురు. అమెజాన్ ఒకప్పుడు నడపిన వేలములలో కడపటి 10 నిమిషములలో పాట పడినచో గడువు తనంత తానే ముందునకు జరిగెడిది. అచ్చట ఈ కాపువిద్య అంతగా సాగలేదు.