బొమ్మల్లో చరిత్ర, బడిలో నీతి

పిల్లలకు నీతి నేర్పే పని తెలుగు బడుల్లో చాలాకాలం బొమ్మ లేకుండానే సాగింది. వేమన, సుమతి పద్యాలు వల్లె వేయించేవారు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికతో పద్యం పక్కకు కథ వచ్చింది. అదీ చిన్నపిల్లలకు కొరుకుడు పడని గ్రాంథికంలో. న్యాయపతి రాఘవరావు దంపతుల ‘బాల’ 1945లో, నాగిరెడ్డి, చక్రపాణిల ‘చందమామ’ 1947 జూలైలో మద్రాసు నుంచి వెలువడ్డాక కథ, బొమ్మ కలిసి నడిచాయి. అయితే చందమామ రాజుల్లో ఎక్కువమంది ఏ శతాబ్దానికీ చెందనివారు.

నిజంగా బతికిన మనుషుల్ని బొమ్మల కథలుగా ఇంటింటికీ చేర్చింది అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ. దూరదర్శన్ క్విజ్‌లో గ్రీకు దేవతల గురించి చెప్పగలిగిన పిల్లలు రాముడి తల్లి పేరు చెప్పలేకపోవడమే తనను ఈ పనికి పురికొల్పిందని ఆయన చెప్పేవారు. పురాణాల వెంట శివాజీ, రాణా ప్రతాప్, ఝాన్సీ రాణి వచ్చారు. తల్లిదండ్రులకు ఎంపిక సులువైంది: అట్టమీద పేరున్న వీరుడుంటే చాలు.

పరిశోధకులు ఆ సులువునే తప్పుపట్టారు. నాయకులు తెల్లగా, రాక్షసులు నల్లగా ఉండటం ఒక ఆక్షేపణ. ‘పద్మిని’ సంచిక జౌహర్‌తో, అంటే రాణివాసపు స్త్రీల సామూహిక ఆత్మాహుతితో ముగుస్తుంది. ఆ మంటల్లోంచి ఏ విలువ ఏరుకోమని పిల్లకు చెప్పాలి? అక్షరాలు రాని వయసులో బొమ్మ చెప్పిందే సాక్ష్యం. కాబట్టి పుస్తకం ఎంచేవారు ముందు మాటల్ని కాదు, బొమ్మల్ని చదవాలి.

ఒకే జీవితంపై వచ్చిన రెండు పుస్తకాలు బొమ్మ తెచ్చే తేడాను చూపిస్తాయి. అమర్ చిత్ర కథ అంబేడ్కర్ సంచిక 1979లో వచ్చింది. అందులో ఆయన జీవితం మిగతా వీరుల కథల్లాగే గళ్లలో వరుసగా సాగుతుంది. 2011లో నవయాన ప్రచురించిన ‘భీమాయణ’ను గీసిన గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ మనుషుల్ని గళ్లలో బంధించడానికి ఒప్పుకోలేదు. పేజీ అంతా చెట్లు, జంతువులు, మనుషులు పరుచుకుంటారు. మెత్తని మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కులదురహంకారంతో అన్న మాటలకు తేలుకొండి ఉంటుంది. బడిలో నీళ్లకు నోచుకోని చిన్నారి భీమ్ (అంబేడ్కర్) దాహం చదవడం రాని పిల్లకు కూడా అందుతుంది. వీరత్వం ఒక్కటే విలువ కాదనీ, అవమానాన్ని గుర్తించగలగడం కూడా విలువేననీ ఆ పుస్తకం నేర్పుతుంది.

ఇంతా చేసి ‘భీమాయణ’ పసిపిల్లల కోసం చేసిన పుస్తకం కాదు. హింసను ప్రస్తావించే పేజీలు పెద్ద తరగతులకే తగినవి. నీళ్ల ఘట్టం మాత్రం టీచరు పక్కన కూర్చుని చిన్న తరగతులకూ చూపించదగినది.