గేటు ఎవరిది, బైలా ఎవరిది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల చుట్టూ టమాట తోటలూ వేరుశనగ చేలూ లేఔట్లుగా మారిపోతున్నాయి. రాళ్లు పాతుతారు, రోడ్డు వేస్తారు, ముందర ఆర్చి కడతారు. ఇళ్లు లేచాక 'కాలనీ సంక్షేమ సంఘం' పుడుతుంది. బోరుకింత, వాచ్‌మన్‌కింత అని నెలనెలా వసూళ్లు మొదలవుతాయి. ఇట్లాంటి సంఘం కింద బతకడం మేలా, కీడా అన్న చర్చ మధ్యతరగతి ఇళ్లల్లో రూపాయల దగ్గరే ఆగిపోతుంది. ఆ లెక్కలో వెలివాడకు చోటు లేదు. ఇంటి స్థలం కోసం, దానిమీద కాగితం కోసం వందేళ్లకు పైగా కొట్లాడుతున్న మనం అడగాల్సింది వేరే ఉంది. సంఘం నియమాలు ఎవరు రాస్తున్నారు? అవి ఎవరిని లోపలికి రానిస్తున్నాయి, ఎవరిని గేటు బయట నిలబెడుతున్నాయి?

ఈ మూడు ఊళ్ల పాత పాలన ఒక తీరుది కాదు. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీన్, కుప్పం ప్రాంతాన్ని ఏలిన కంగుంది జమీన్ ఉత్తర ఆర్కాటులోవి. పాలన ఏదైనా మాల మాదిగల గుడిసెలు మాత్రం ఊరికి ఎడంగానే. గుడిసె మనది, దాని కింది నేల మనదని చెప్పే కాగితం లేదు. 1891లో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ అక్కడి పరయల స్థితి మీద నివేదిక రాశాడు. ఇంటి స్థలం మీద హక్కు మిరాసీదార్ల చేతిలో ఉన్నందువల్ల కూలి అడిగినవాణ్ణి ఇల్లు ఖాళీ చేయిస్తామని బెదిరించగలుగుతున్నారని అందులో తేల్చాడు. రాసింది తమిళ జిల్లా గురించే అయినా ఆ మాట మన వాడలకూ తగుల్తుంది. నేల ఎవరిదో వాడే వాడకు పెద్ద.

1920ల నాటికి మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనర్ ద్వారా అణగారిన కులాలకు ఇంటి స్థలాలు ఇచ్చే పని మొదలుపెట్టింది. పద్ధతి ఇట్లా ఉండేది. సర్కారు భూమి సేకరిస్తుంది. తీసుకునేవాళ్లు సహకార సంఘంగా ఏర్పడాలి. స్థలం ఖరీదును సంఘం ద్వారా వాయిదాల మీద తిరిగి కట్టాలి. అంటే తెలుగు, తమిళ దేశాల్లో దళితులు ఇంటి సొంతదారుల సంఘం అన్నదాన్ని ఎరిగి వందేళ్లయింది. దానివల్ల మేలు ఏంది? భూస్వామి దయ అవసరం లేని స్థలం దొరికింది. 'ఖాళీ చెయ్' అనే మాటకు పదును తగ్గింది. వాడ నుంచి పదిమంది లేచి సర్కారుతో సంఘంగా మాట్లాడగలిగారు. కీడు ఏంది? తరాల తరబడి వెట్టి చేసినవాళ్లే తమ స్థలానికి వెల కట్టాల్సి వచ్చింది. వాయిదా తప్పితే బాకీదార్లయ్యారు. పైగా కొత్త స్థలం కూడా ఎక్కువ చోట్ల ఊరికి ఎడంగానే దొరికింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర అనే పేరును గుర్తించింది. చిత్తూరు జిల్లా ఊళ్లల్లో ఆది ఆంధ్రవాడ, అరుంధతివాడ, హరిజనవాడ అన్న పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. పేరు మారింది, దిక్కు మారలేదు.

అదే సహకారం ఇంకో చేతిలో ఇంకో రూపం తీసుకుంది. మన దేశంలో మొదటిదిగా చెప్పే గృహనిర్మాణ సహకార సంఘం 1909లో బెంగుళూరులో వచ్చింది. 1915లో బొంబాయి గామ్‌దేవిలో సారస్వత బ్రాహ్మణులు ఒకే కులం వాళ్ల కోసం సంఘం పెట్టుకున్నారు. సంఘ సభ్యత్వమే కులానికి తాళంచెవి అయింది. అగ్రహారానికి రాజు శాసనం కావాల్సి వచ్చేది. కొత్త అగ్రహారానికి రిజిస్ట్రార్ ముద్ర చాలు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ రెండు దారులూ పక్కపక్కనే నడిచాయి. ఒక దారిలో పట్టాలు వచ్చాయి. 1975 నాటి ఇరవై సూత్రాల కార్యక్రమంలో ఇంటి స్థలాలు ఒక సూత్రం. 1977 అసైన్డ్ భూముల చట్టం ఆ స్థలాలను పెద్దలు కొనకుండా ఆపింది. అది రక్షణే. కానీ బ్యాంకు మెట్టెక్కితే అదే పట్టా తక్కువ కాగితమైంది. కొన్నేళ్ల గడువు దాటితే అమ్ముకోవచ్చనే సవరణలు ఈమధ్యనే వచ్చాయి. రెండో దారిలో 1964 సహకార చట్టం కింద నగరాల్లో ఉద్యోగుల, అధికారుల, నాయకుల సంఘాలు పెరిగాయి. హైదరాబాదు పరిధిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఐఏఎస్ అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టుల సంఘాలకు సర్కారు భూమిని తక్కువ ధరకు ఇచ్చిన ఉత్తర్వులను సుప్రీంకోర్టు 2024 నవంబర్ 25న కొట్టేసింది. అవి 2005, 2008 నాటి ఉత్తర్వులు. సమానత్వానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. వాడలో మూడు సెంట్ల కోసం తహశీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాళ్లకు ఆ మాట కొత్తది కాదు.

కానీ అదే సుప్రీంకోర్టు 2005 ఏప్రిల్‌లో ఇంకో తీర్పు ఇచ్చింది. అహ్మదాబాదులోని జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘంలో పార్శీలకే సభ్యత్వం. ఒక సభ్యుడు తన స్థలంలో ఫ్లాట్లు కట్టి ఇతరులకు అమ్మాలనుకున్నాడు. బైలా ఒప్పుకోదని సంఘం అడ్డుపడింది. సంఘంగా కూడే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చిందేననీ, సంఘంలో చేరినవాడు బైలాకు కట్టుబడాలనీ కోర్టు సంఘం పక్షాన నిలిచింది. ఇక్కడ గొడవ పార్శీలతో కాదు. చిన్న మైనారిటీ తన ఉనికి కాపాడుకోవాలనుకోవడం వేరు. ఊరి భూమి, నీళ్లు, కొలువులు చేతిలో ఉన్న కులం గేటు వేసుకోవడం వేరు. తీర్పు తర్కం మాత్రం ఈ తేడా చూడకుండా రెండో దానికీ పనికొస్తుంది. 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు పోయిన అంబేద్కర్‌కు ఆ ఊళ్లో ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో దిగితే కులం తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. విదేశాల్లో చదివిన చదువు తలుపు తెరిపించలేకపోయింది. గుంపుగా వచ్చి కాపురాన్ని అడ్డుకునే హక్కు ఎవరికి ఎక్కడిదని ఆనాడు అడగాల్సిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

అమెరికాలోనూ ఈ కథ ఉంది. నల్లవాళ్లకు అమ్మరాదని ఇళ్ల దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్లు. ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఇల్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో జాతి వివక్షను 1968 చట్టం నిషేధించింది. నల్లవాళ్ల పేటలు అంతటితో మాయం కాలేదు. కానీ 'మా ఇల్లు, మా ఇష్టం' అన్న మాటకు చట్టంలో బలం పోయింది.

మన దగ్గర కులం పేరు కాగితం మీద రాయరు. రాయాల్సిన పనీ లేదు. అద్దెకు పోతే ఊరేది, ఇంటిపేరేంది, ఊళ్లోనా వాడలోనా అని మూడు ప్రశ్నల్లో తేలిపోతుంది. 'వెజిటేరియన్లకు మాత్రమే' అన్న బోర్డు నాలుగో ప్రశ్నను కూడా మిగిల్చదు. కుప్పం నించి తెల్లారి రైలెక్కి బెంగుళూరు అపార్ట్‌మెంట్లకు పనికి పోయే మనవాళ్లకు సంఘం అంటే ఇంకోటి. లిఫ్టు వేరు, గ్లాసు వేరు, పోయేటప్పుడు సంచి సోదా. సంఘం మీటింగులో వాళ్ల జీతం చర్చకు వస్తుంది, వాళ్లు మాత్రం రారు. ఇంకో సంగతి. లేఔట్ నిబంధనల ప్రకారం నూటికి పది వంతుల స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు దఖలు పరచాలి. అట్లా దఖలైన పార్కు ఊరందరిదీ. దానికీ గేటు పెట్టి వాడపిల్లల్ని తరిమితే అది సంఘం ఆస్తి కాపాడుకోవడం కాదు, ఊరి ఆస్తి ఆక్రమించడం.

ఇన్ని చెప్పి సంఘాలే వద్దనడం మనకు లాభం కాదు. సంఘం అంటే పదిమంది సంతకం. నీళ్ల ట్యాంకు, కాలువ, వీధిదీపం, శ్మశానానికి దారి ఒంటరిగా అడిగితే రావు. 1985 జూలై 17న కారంచేడు హత్యాకాండ తర్వాత ఊరు విడిచిన మాదిగలు చీరాలలో కొత్త కాలనీగా నిలబడగలిగారంటే కలిసి కదిలారు కాబట్టే. మంచి సంఘంలో ఒక మనిషికి ఒక ఓటు, ప్రతి రూపాయికీ లెక్క. ఊళ్లో పంచాయితీ కట్ట మీద మనకు ఎన్నడూ దొరకనిది అదే. దళిత ఉద్యోగి లేఔట్‌లో ఇల్లు కట్టుకుంటే ఇంటిపేరు దాచుకొని మూలన కూర్చోకుండా ఆ ఓటు వాడుకోవాలి. లెక్కలు అడగాలి, పోటీ చేయాలి.

చేతిలో ఉన్న చట్టాన్నీ వాడాలి. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్, ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడానికీ కొనుక్కోవడానికీ కాపురముండడానికీ అంటరానితనం పేరుతో అడ్డుపడితే నేరమంటోంది. బాధితులు దళితులైతే ఆ పని అంటరానితనంతోనే జరిగిందని కోర్టు ముందుగా భావించాలని పన్నెండో సెక్షన్ చెబుతోంది. 2015 సవరణతో అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక బహిష్కరణ కూడా నేరమైంది. 2016 రియల్ ఎస్టేట్ చట్టం కొనుగోలుదారుల సంఘం ఏర్పడేలా చూసే బాధ్యతను బిల్డర్ మీద పెట్టింది. కులం పేరుతో ఇల్లు నిరాకరిస్తే శిక్ష అన్న సెక్షన్ మాత్రం అందులో పెట్టలేదు. ఆ ఖాళీ పూడ్చాలని డిమాండ్ చేయాలి. కులం, మతం, తిండి కారణంగా సభ్యత్వం, అద్దె, అమ్మకం నిరాకరించే బైలాను రిజిస్టర్ చేయరాదనే నియమం కావాలి. పనివాళ్ల జీతం, సెలవు, మరుగుదొడ్డి సంగతి బైలాలోనే రాయాలి.

చివరిగా వాడల్లో పని. వాడలో ప్రతి కాలనీకీ రిజిస్టరైన సంఘం ఉండాలి. పట్టాలు ఎవరి పేర్న ఉన్నాయి, ఆడవాళ్ల పేర్న ఎన్ని, ఎన్ని ఇళ్లకు కాగితమే లేదు అన్న లెక్క మనమే రాసుకోవాలి. మన పిల్లలు పక్షానికో శనివారం కూర్చుంటే ఒక నెలలో అయ్యే పని. అందులో మాలలకో సంఘం మాదిగలకో సంఘం అని గోడ కడితే మనమూ గేటు వేసుకున్నట్టే. వందేళ్ల కింద లేబర్ శాఖ సంఘానికి నియమాలు సర్కారు రాసింది. ఈ లేఔట్ల సంఘాలకు కులం రాస్తోంది. వాడ సంఘం నియమాలు వాడే రాసుకోవాలి.