కాలేయం చెడినవారి మెదడులో రక్తస్రావం: కొంత చరిత్ర

1819లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్, గట్టిపడి బుడిపెలు కట్టిన కాలేయాన్ని వర్ణించి, దాని పసుపు గోధుమ వర్ణాన్ని బట్టి గ్రీకు పదం నుంచి ‘సిర్రోసిస్’ అని పేరు పెట్టాడు. స్టెతస్కోపును కనిపెట్టినది కూడా ఆయనే. ఈ వ్యాధిలో పొట్టలో నీరు చేరడం, రక్తం కక్కుకోవడం వైద్యులకు చిరకాలంగా తెలిసినవే. మెదడులోనూ రక్తస్రావం కలుగవచ్చునన్న ఎఱుక స్థిరపడడానికి చాలాకాలం పట్టింది.

డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డాం, కొవ్వు లేని ఆహారం తిన్న కోడిపిల్లలలో రక్తస్రావాలు గమనించి, విటమిన్ కే ఉనికిని కనుగొన్నాడు. 1943 నోబెల్ బహుమతి ఆయనకు, దాని రసాయన నిర్మాణం తేల్చిన డాయిజీకి లభించింది. ఆ విటమిన్ సాయంతో రక్తం గడ్డకట్టే మాంసకృత్తులను తయారుచేసేది కాలేయమే. కాలేయం గట్టిపడితే ఆ తయారీ తగ్గుతుంది. ప్లీహం ఉబ్బి రక్తఫలకికలను తనలో నిలుపుకొంటుంది. అయితే గడ్డకట్టడాన్ని నిరోధించే మాంసకృత్తులు కూడా తగ్గుతాయి కనుక రక్తం పలుచని సమతుల్యంలో ఉంటుంది. ఒక దెబ్బ, ఒక సూక్ష్మజీవి సోకడం, అధిక రక్తపోటు ఆ త్రాసును ఒరిగించగలవు.

లండనులో 1971లో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశారు. అది మా కృష్ణా డెల్టా పల్లెలకు అందుబాటులోకి రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆ రోజుల్లో నందివాడ ప్రాంతపు చేపల చెరువు గట్టు మీద జారిపడ్డ ఒక రోగిని, పడిన కొన్నాళ్ళకు, మత్తుగా ఉన్నాడని తీసుకువచ్చారు. సారా త్రాగే అలవాటు, పొట్టలో నీరు, కామెర్లు ఉన్నాయి. కాలేయ వైఫల్యపు అపస్మారకమనే చికిత్స చేశాను. రెండవ నాడు మరణించాడు. పుఱ్ఱె లోపల రక్తం చేరిందేమో నాకు నేటికీ తెలియదు. తల మీద దెబ్బ తగిలిందా అని ఇంటివారిని అడగకపోవడం మాత్రం నా లోపమే.

మద్యం మన ప్రాంతంలో రాజకీయ చరిత్ర కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. గుడివాడ నుంచి శాసనసభకు ఎన్నికైన నిమ్మకూరు బిడ్డ ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది తొలగింది. చట్టాలు మారినా, దెబ్బతిన్న కాలేయాలు మునుపటి స్థితికి రాలేదు. మద్యం ముట్టనివారికి కూడా హెపటైటిస్ బీ, సీ వైరసుల వలన, కొవ్వు కాలేయం వలన ఈ వ్యాధి వస్తుంది.

2017లో అమెరికాలో వృద్ధులపై వెలువడిన పెద్ద పరిశీలనలో, సిర్రోసిస్ ఉన్నవారిలో మెదడు రక్తస్రావం ఇతరుల కంటే ఇంచుమించు రెట్టింపుగా కనిపించింది. వీరిలో రక్తపుగడ్డ తొలి గంటలలో పెరిగే అవకాశం ఎక్కువ. శస్త్రచికిత్స కష్టతరం. కోలుకొనే అవకాశాలు కాలేయ స్థితిపై ఆధారపడి ఉంటాయి.

కనుక సిర్రోసిస్ ఉన్న మనిషి మత్తుగా, తికమకగా మాట్లాడితే ‘త్రాగాడు’ అనీ, ‘కామెర్లు తలకెక్కాయి’ అనీ ఇంట్లో ఉంచవద్దు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, ఒక వైపు బలహీనత ఉన్నా, ఇటీవల పడిపోయి ఉన్నా వెంటనే స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. వైద్యుని అడగకుండా నొప్పి మాత్రలు ఇవ్వవద్దు. పడిన సంగతి, వాడుతున్న మందుల పేర్లు వైద్యునికి అడగకముందే చెప్పండి. ఆనాడు నేను అడగని ప్రశ్నకు మీ సమాధానం సిద్ధంగా ఉండాలి.