హెడర్ పోయిన పెండ్లి చిత్రము

ఒకనాటి గ్రామపంచాయతి అయిన ప్రగతి నగర్‌లో ఈనాడు పెండ్లి జరిగినదంటే, దానికి పురోహితునితోపాటు కెమెరా కూడా సాక్షి. సముద్రాల కావల ఉద్యోగము చేయుచున్న మేనమామ చూచేది ఆ చిత్రములోని పెండ్లినే. అటువంటి చిత్రీకరణ తలంబ్రాల నడుమ బ్యాటరీ ఊడి నిలిచిపోయినదనుకొందాము. కార్డులో ఫైలు ఉన్నది. పరిమాణము చూడబోతే అనేక గిగాబైట్లు. కాని ఏ యంత్రమూ దానిని తెరువదు. బొమ్మలు పోలేదు. పోయినది హెడర్.

దీని పుట్టుపూర్వోత్తరాలు 1991 నాటివి. ఆ యేట ఆపిల్ సంస్థ క్విక్‌టైమ్ అను పద్ధతిని విడుదల చేసినది. ఫైలును పెట్టెలుగా విభజించి, ఒకదానిలో బొమ్మలను, ధ్వనిని, వేరొకదానిలో వాటి పద్దును ఉంచుట దాని రీతి. తరువాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణమైన ఎంపీ4కు అదే ఆధారము. బొమ్మల పెట్టె పేరు ఎండాట్. పద్దు పెట్టె పేరు మూవ్. ఏ బొమ్మ ఎక్కడ మొదలు, ఎంత పొడవు, ఏ క్షణమున చూపవలె, చట్రము కొలతలేమి, ఇవన్నియు మూవ్‌లోనే ఉండును. చిత్రీకరణ ముగియువరకు ఈ లెక్క తేలదు గనుక కెమెరా సాధారణముగా పద్దును చివరనే వ్రాయును. పేరు హెడరే గాని పుట్టుక తోక వద్ద! ముగింపునకు ముందే బ్యాటరీ ఊడినచో పద్దు లేనే లేదు.

ఇట్టి చిక్కు మనకు క్రొత్తది కాదు. తెలుగు శాసనాలలో మిక్కిలి ప్రాచీనముగా ఎన్నబడుచున్న కడప జిల్లా కలమళ్ళ శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిది. దాని మొదటి పంక్తి చెరిగిపోయినది. మిగిలిన వ్రాత 'కల్ముతురా' అను అక్షరాలతో మొదలగును. ఇది ఏ మాటకు తోక? అదే జిల్లాలోని ఎర్రగుడిపాడు శాసనములో ఎరికల్ముతురాజు అను బిరుదు నిండుగా కనిపించుచున్నది. దానిని ప్రక్కన ఉంచుకొని చూచినచో కలమళ్ళలో లోపించిన అక్షరాలు తేలును.

ఫైలు మరమ్మతు సరిగా ఇట్టిదే. అదే కెమెరాతో, అదే అమరికతో తీసిన మంచి ఫైలును తెచ్చి, చట్రము కొలతలు, సంకేతపు వివరాలు దాని మూవ్ నుండి గ్రహింతురు. పిదప చెడిన ఫైలులోని ఎండాట్‌లో ప్రవేశింతురు. 2003లో ప్రమాణమైన హెచ్.264 పద్ధతిలో, ఎంపీ4లోని ప్రతి బొమ్మ తునకకు ముందు దాని పొడవు వ్రాసి ఉండును. ఆ అంకె చదివి, అంత దూరము దుమికి, మరల చదివి, పద్దును మొదటినుండి కట్టుకొనుచు పోవలెను. 'అన్‌ట్రంక్' అను ఉచిత సాధనము చేయు పని ఇదే. ధ్వనికి మాత్రము అటువంటి గుర్తు సాధారణముగా ఉండదు. దాని హద్దులను ఊహించుకొనవలె. అందుచే కొన్నిచోట్ల బొమ్మ బాగుపడియు మంత్రము తప్పటడుగులు వేయును.

అన్నిటికన్న ముఖ్యము, ఆ కార్డుపై మరేమియు వ్రాయకుండుట. ముందుగా కార్డుకు నకలు తీసి, నకలుపైననే పని చేయవలె. కలమళ్ళ శాసనములోనే నడిమి పంక్తులు కొన్ని పూర్తిగా అరిగిపోయినవి. వాటికి ఏ సోదర శాసనమూ సాయపడలేదు. బొమ్మల మీద క్రొత్త బొమ్మలు పడినచో ఫైలుకైనను అదే గతి.