పేరు కాదు, సదుపాయము

1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ బ్రౌజరు కొరకు జావాస్క్రిప్టు భాషను రూపొందించెను. ఆ బ్రౌజరు తన పేరు 'మొజిల్లా' యని చెప్పెడిది. ఆ పేరు గల బ్రౌజరుకే కొన్ని వెబ్‌సైట్లు మేలైన పుటల నిచ్చెడివి. అవి తనకును దక్కవలెనని మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు కూడ ఆ పేరే చెప్పుకొనెను. ఇట్లు పేరు నమ్మరానిదయ్యెను. అందుచే ప్రోగ్రామరులు పేరు నడుగుట మాని, కావలసిన సదుపాయము కలదా యని పరీక్షింపసాగిరి.

2020లో 'ఓపెన్ ఆర్‌సీటీ2' ఆటలో జావాస్క్రిప్టు ప్లగిన్లకు తావు కల్పించిరి. అచ్చటను ఈ పద్ధతియే శరణ్యమైనది. కిటికీలను, బొత్తాములను చూపు 'యూఐ' అను భాగము తెర లేకుండ నడచు సర్వరులో ఉండదు. లేనిదానిని పిలిచిన స్క్రిప్టు మధ్యలో ఆగిపోవును. కావున 'టైపాఫ్' అను పదముతో ముందుగా విచారింపవలెను. ఉన్నచో కిటికీ తెరువవలెను. లేనిచో తక్కిన పని సాగింపవలెను.