మైలుతుత్తం లెక్క

కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. నిమ్మ, బత్తాయి తోటల్లో కంఠతా వచ్చిన ఈ ఒక శాతం బోర్డో మిశ్రమాన్ని చూస్తే ఎవరో రసాయన శాస్త్రవేత్త తక్కెడ ముందు కూర్చుని ఒక్కసారిగా తేల్చిన పాళ్లే అనిపిస్తుంది. దాని చరిత్ర వేరే మాట చెబుతుంది. ఆ అంకెను నిలబెట్టింది చల్లే పనిముట్టు, సున్నం నాణ్యత.

1882లో ఫ్రాన్సులోని మెడాక్ ప్రాంతంలో, దారిన పోయేవాళ్లు ద్రాక్ష గుత్తులు కోసుకోకుండా రోడ్డు పక్క తీగలకు తుత్తం, సున్నం కలిపి పూసేవారు. బూజు తెగులుకు తోటలో మిగతా ఆకులు రాలిపోయినా ఆ వరసలు పచ్చగా ఉండటం బోర్డో వృక్షశాస్త్ర ఆచార్యుడు అలెక్సిస్ మిలార్డే కంట పడింది. 1885లో ఆయన ప్రకటించిన పాళ్లు ఇవి: 100 లీటర్ల నీళ్లలో 8 కిలోల తుత్తం, మరో 30 లీటర్లలో 15 కిలోల సున్నం. అంటే తుత్తం ఆరు శాతం పైమాటే. మన రైతు ఎవరైనా చూస్తే అది మందు కాదు, వెల్ల అంటాడు. అంత చిక్కగా ఎందుకు కలిపారంటే, అప్పుడు దాన్ని చిన్న చీపురు కట్టలతో ముంచి ఆకుల మీద విదిలించేవారు. పడేవి బొట్లు, ఆకంతా తడవదు. సన్నటి తుంపర కొట్టే పంపులు వచ్చాక కొద్ది తుత్తంతోనే ఆకంతా కప్పగలిగారు, పాళ్లు పలచబడ్డాయి. అమెరికాలో 50 గ్యాలన్లకు 4 పౌన్లు, మన దేశపు వ్యవసాయ పుస్తకాల్లో అదే 50 గ్యాలన్లకు 5 పౌన్లు అని రాశారు. పైకి తేడాగా కనిపిస్తుంది గానీ గ్యాలనే వేరు. బ్రిటిష్ గ్యాలను నీళ్లు 10 పౌన్ల బరువు, అమెరికా గ్యాలను అంతకంటే చిన్నది. రెండు లెక్కలూ ఒక శాతం దగ్గరికే వస్తాయి.

పంపు తేల్చింది తుత్తం పాలు మాత్రమే కదా, సున్నం మాట రసాయన శాస్త్రానిదేగా అని అడగవచ్చు. కాదు. కిలో తుత్తంలోని రాగినంతా కరగని రూపంలోకి దించడానికి స్వచ్ఛమైన కాల్చిన సున్నం లెక్క ప్రకారం 225 గ్రాములు చాలు. మిగతాది ముందుజాగ్రత్త. గాలి తగిలిన సున్నం చచ్చుబడుతుంది, బట్టీ బట్టీకీ తేడా ఉంటుంది, తక్కువైతే కరిగిన రాగి ఆకును మాడుస్తుంది. అందుకే కలిపాక మెరుగు పెట్టిన ఇనుప కత్తిని కాసేపు ముంచి చూస్తారు. ఎర్రటి పూత అంటితే ఇంకా సున్నం పడాలి. పుస్తకంలో ఎంత రాసి ఉన్నా చివరి మాట కత్తిదే.

కత్తే తేలుస్తుంటే ఇక శాతం ఎందుకన్న ప్రశ్నకు జవాబు నేలలో ఉంది. తుత్తంలో పావు వంతు రాగి. ఒక శాతం మిశ్రమం హెక్టారుకు 1000 లీటర్లు కొడితే రెండున్నర కిలోల రాగి దిగుతుంది, అది కరిగి పోయేది కాదు. 2019 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగే హద్దు, అంటే సగటున ఏడాదికి నాలుగు. రెండు దఫాలు కొట్టేసరికి ఆ నాలుగూ దాటిపోతాయి.