అబద్ధం మొహంలో కనిపిస్తుందా? మైకేల్ జాక్సన్ డాక్టర్ చెప్పిన ఆ "రెండు నిమిషాలు"



ఒక సెలబ్రిటీ చనిపోతాడు. రెండ్రోజుల్లో ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ ఇంటర్వ్యూలు వస్తాయి. మూడో రోజుకి మన ఫోన్లలో ఇంకో రకం వీడియోలు మొదలవుతాయి. ఆ ఇంటర్వ్యూనే ఆపి ఆపి చూపిస్తూ, ఎర్ర బాణాలు వేసి, "ఇదిగో ఇక్కడ ముక్కు గోక్కున్నాడు, ఇక్కడ కళ్ళు పక్కకి తిప్పాడు, అంటే ఏదో దాస్తున్నాడు" అంటారు. లక్షల్లో వ్యూస్. చూస్తుంటే మనకీ నిజమే అనిపిస్తుంది.

మరి అబద్ధం నిజంగా అలాగే దొరుకుతుందా? ఇవాళ ఒక నిజమైన కేసు తీసుకుని చూద్దాం. ప్రపంచమంతా తెలిసిన మనిషి చావు, పోలీసులకి ఒక డాక్టర్ ఇచ్చిన ఇంటర్వ్యూ, అందులో చెప్పకుండా దాటేసిన గంట. ఆ గంట తర్వాత కోర్టులో బయటపడింది. ఇంకో ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఆ ఇంటర్వ్యూకి వీడియోనే లేదు. ఉన్నది ఆడియో రికార్డింగ్ మాత్రమే. అంటే ముక్కు లేదు, కళ్ళు లేవు, చేతులు లేవు. అయినా దొరికింది. ఎలాగో చెప్తా.

2009 జూన్ 25. లాస్ ఏంజెలెస్‌లో ఒక అద్దె ఇల్లు. మైకేల్ జాక్సన్‌కి అప్పుడు 50 ఏళ్ళు. జూలైలో లండన్ ఓ2 ఎరీనాలో "దిస్ ఈజ్ ఇట్" షోలు మొదలవ్వాలి, మొత్తం 50 షోలు. రిహార్సల్స్ జరుగుతున్నాయి. ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టదు. దగ్గరుండి చూసుకోవడానికి కాన్రాడ్ ముర్రే అనే గుండె డాక్టర్‌ని పెట్టుకున్నారు. నెలకి 1,50,000 డాలర్ల జీతం మాట్లాడుకున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం 12:21కి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ వెళ్ళింది. చేసింది డాక్టర్ కాదు, ఇంటి సెక్యూరిటీ గార్డ్. ఐదు నిమిషాల్లో అంబులెన్స్ వాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం 2:26కి యూసీఎల్ఏ ఆసుపత్రిలో జాక్సన్ చనిపోయినట్టు ప్రకటించారు.

ఇక్కణ్ణుంచి ముర్రే ఎవరికి ఏం చెప్పాడో జాగ్రత్తగా వినండి. కథ మొత్తం అక్కడే ఉంది.

మొదట అంబులెన్స్ వాళ్ళకి. "ఏం మందులిచ్చారు?" అని అడిగితే లోరాజెపామ్ అన్నాడు. అది ఆందోళన తగ్గించడానికి, నిద్రకి వాడే మందు. తర్వాత ఆసుపత్రిలో ఎమర్జెన్సీ డాక్టర్ అడిగింది. ఆమెకీ లోరాజెపామ్ అనే చెప్పాడు. రెండు చోట్లా ఒక పేరు మాత్రం రాలేదు. ప్రొపొఫాల్.

ప్రొపొఫాల్ అంటే ఆపరేషన్ ముందు మనిషిని మత్తులోకి పంపే మందు. పాలలా తెల్లగా ఉంటుంది. డోసు కాస్త ఎక్కువైనా ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే పక్కన మానిటర్లు, ఊపిరి అందించే పరికరాలు, కళ్ళార్పకుండా చూసే మనిషి ఉండాలి. ఇంట్లో నిద్ర కోసం వాడే మందు కానే కాదు.

రెండ్రోజుల తర్వాత, జూన్ 27న, ముర్రే తన లాయర్లతో కలిసి ఒక హోటల్లో లాస్ ఏంజెలెస్ డిటెక్టివ్‌ల ముందు కూర్చున్నాడు. రెండు గంటలకు పైగా మాట్లాడాడు. ఆ రికార్డింగ్‌ని 2011లో ట్రయల్ జరిగినప్పుడు కోర్టులో వినిపించారు. ట్రయల్ టీవీలో లైవ్ వచ్చింది కాబట్టి ప్రపంచమంతా విన్నది.

నేను ఆ రికార్డింగ్ విన్నాను. గొంతులో వణుకు లేదు. మర్యాదగా, నిదానంగా, ఒక డాక్టర్ కేస్ షీట్ చదువుతున్నట్టు చెప్తాడు. రాత్రి 1:30కి వాలియం, 2 గంటలకి లోరాజెపామ్, 3 గంటలకి మిడజోలామ్, 5కి మళ్ళీ లోరాజెపామ్, 7:30కి మళ్ళీ మిడజోలామ్. పొద్దున 10:40 దాటాక 25 మిల్లీగ్రాముల ప్రొపొఫాల్. అవును, ఈసారి తనంతట తనే ఆ పేరు చెప్పాడు. అంతే కాదు, పోలీసులకి అప్పటిదాకా దొరకని మందుల బ్యాగులు ఇంట్లో ఎక్కడున్నాయో కూడా చెప్పాడు. వాళ్ళు వెళ్ళి వెతికితే నిజంగానే దొరికాయి.

ఇప్పుడు చెప్పండి. గొంతు వినేవాళ్ళు, బాడీ లాంగ్వేజ్ చూసేవాళ్ళు ఈ మనిషికి ఎన్ని మార్కులు వేస్తారు? "అన్నీ ఓపెన్‌గా చెప్తున్నాడు, సహకరిస్తున్నాడు" అనరూ?

అసలు చిక్కు ఆ తర్వాతి మాటలో ఉంది. మందు ఇచ్చాక కాసేపు గమనించాననీ, అంతా బాగానే ఉందనీ, బాత్రూమ్‌కి వెళ్ళి సుమారు రెండు నిమిషాల్లో వచ్చాననీ, వచ్చి చూస్తే ఊపిరి లేదనీ చెప్పాడు.

సరే, లెక్క వేద్దాం. 10:40, 10:50 ప్రాంతంలో ఇంజెక్షన్. కాసేపు గమనించడం. రెండు నిమిషాలు బాత్రూమ్. అంటే 11 గంటల ప్రాంతం. కానీ 911కి ఫోన్ వెళ్ళింది 12:21కి. మధ్యలో గంటకి పైగా సమయం ఏమైంది?

ఆ జవాబు ముర్రే ఫోన్‌లోనే ఉంది. 11:17కి లండన్‌లోని ఇన్సూరెన్స్ మనిషికి ఈమెయిల్ రిప్లై పెట్టాడు. దేని గురించో తెలుసా? జాక్సన్ ఆరోగ్యం బాగాలేదని పేపర్లలో వస్తున్న వార్తలు నిజం కాదని! 11:18కి తన క్లినిక్‌కి కాల్, అరగంటకి పైగా. 11:49కి ఒక పేషెంట్‌కి కాల్. 11:51కి హ్యూస్టన్‌లో పరిచయం ఉన్న ఒకామెకి కాల్. ఆమె కోర్టుకొచ్చి చెప్పింది: మాట్లాడుతుండగా ఐదారు నిమిషాల తర్వాత అటు నుంచి జవాబు ఆగిపోయింది, గొణుగుడు, దగ్గు లాంటి శబ్దాలు వినిపించాయి అని.

12:12కి ముర్రే జాక్సన్ పర్సనల్ అసిస్టెంట్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెంటనే రమ్మన్నాడు. 911కి ఫోన్ చెయ్యమని మాత్రం అడగలేదు. 911కి ఫోన్ చేసే ముందు మందు సీసాలు బ్యాగులో వెయ్యమని ముర్రే తనకి చెప్పాడని సెక్యూరిటీ గార్డ్ సాక్ష్యం చెప్పాడు.

ఆ మందులు పంపిన ఫార్మసిస్ట్ కూడా కోర్టుకొచ్చాడు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య ముర్రే ఆర్డర్ చేసిన ప్రొపొఫాల్ 255 సీసాలని లెక్క చెప్పాడు. ఒక్క మనిషి నిద్ర కోసం! ఇంత మందు వాడిన డాక్టర్ దగ్గర ఆ రాత్రిళ్ళ గురించి రాసిపెట్టుకున్న ఒక్క రికార్డూ లేదు.

డిఫెన్స్ వాళ్ళ వాదన కూడా చెప్పాలి. ముర్రే చెప్పిన టైములని పోలీసులు తప్పుగా అర్థం చేసుకున్నారన్నారు. డాక్టర్ గదిలో లేనప్పుడు జాక్సనే ఆ మందు ఎక్కించుకుని ఉంటాడన్నారు. జ్యూరీ అన్నీ విన్నది. 2011 నవంబర్ 7న ఉద్దేశం లేకుండా నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద ముర్రేని దోషిగా తేల్చింది. నవంబర్ 29న నాలుగేళ్ళ శిక్ష పడింది. సుమారు రెండేళ్ళకి, 2013 అక్టోబర్‌లో బయటికొచ్చాడు.

ఇక్కడ ఇంకో సంగతి. ముర్రే కోర్టులో బోనెక్కలేదు. అది ఆయన హక్కు, మౌనంగా ఉన్నంత మాత్రాన ఎవరూ దోషి అయిపోరు. కానీ టీవీ డాక్యుమెంటరీ కెమెరా ముందు మాత్రం బోలెడు మాట్లాడాడు. తేడా గమనించారా? బోనెక్కితే ఎదుటి లాయర్ ప్రశ్నలు వేస్తాడు. డాక్యుమెంటరీలో ఎదురు ప్రశ్న వేసే లాయర్ ఉండడు. శిక్ష వేసేటప్పుడు జడ్జి మైకేల్ పాస్టర్ ఆ డాక్యుమెంటరీని గుర్తుచేసి మరీ తప్పుపట్టారు. సెలబ్రిటీ చావు మీద వచ్చే ఏ ఇంటర్వ్యూ చూసినా నేను ముందు అడిగే ప్రశ్న ఇదే: ఇక్కడ ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మరి మొహం చూసి అబద్ధం పట్టొచ్చనే నమ్మకం ఇంత బలంగా ఎందుకుంది? దీనికీ ఒక చరిత్ర ఉంది.

1921లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జాన్ లార్సన్ అనే పోలీసు అధికారి రక్తపోటునీ, ఊపిరినీ ఒకేసారి నమోదు చేసే మెషిన్ తయారుచేశాడు. అదే పాలిగ్రాఫ్, మనం లై డిటెక్టర్ అంటాం. అదే రోజుల్లో విలియం మార్స్టన్ అనే సైకాలజిస్ట్ రక్తపోటుతో అబద్ధం పట్టొచ్చన్నాడు. 1923లో ఫ్రై అనే కేసులో అమెరికా కోర్టు ఆ పరీక్షని సాక్ష్యంగా తీసుకోనంది. ఈ మార్స్టన్ ఎవరో తెలుసా? తర్వాత వండర్ ఉమన్ కామిక్ సృష్టించింది ఈయనే. ఆమె చేతిలో తాడు ఉంటుంది కదా, అది పడితే ఎవరైనా నిజం చెప్పాల్సిందే! కామిక్‌లో అయితే బాగుంటుంది. నిజ జీవితంలో మెషిన్ కొలిచేది ఒంట్లో కలిగే అలజడిని. నిజం చెప్పేవాడికీ పోలీస్ స్టేషన్లో గుండె దడదడలాడుతుంది.

2006లో చార్ల్స్ బాండ్, బెల్లా డిపాలో అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన వందల ప్రయోగాల ఫలితాలని కలిపి చూశారు. మనుషులు మాటా తీరూ చూసి అబద్ధమా నిజమా చెప్తే, సరిగ్గా చెప్పింది నూటికి సుమారు 54 సార్లు. నాణెం ఎగరేస్తే 50. తేడా అంతే. కళ్ళు ఫలానా వైపు తిరిగితే అబద్ధం అనేదాన్ని 2012లో ప్రత్యేకంగా పరీక్షించారు. అలాంటి సంబంధమేమీ కనబడలేదు. మన దేశంలో 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చెయ్యకూడదని.

"సరే, తప్పయితే ఏమైంది, సరదాకే కదా చూస్తున్నాం" అంటారేమో. ఒక తల్లి సంగతి చెప్తాను వినండి. 1980 ఆగస్టులో ఆస్ట్రేలియాలో లిండీ చాంబర్లేన్ తొమ్మిది వారాల పసిబిడ్డ క్యాంపు టెంట్‌లోంచి మాయమైంది. డింగో, అంటే అక్కడి అడవి కుక్క, ఎత్తుకెళ్ళిందని తల్లి చెప్పింది. టీవీలో ఆమె గట్టిగా ఏడవలేదు. "బిడ్డ పోయిన తల్లి ఇలా ఉంటుందా?" అంది దేశం. పైగా కారులో దొరికిన మరకల్ని పసిబిడ్డ రక్తం అన్న తప్పుడు ల్యాబ్ రిపోర్టు తోడైంది. 1982లో యావజ్జీవ శిక్ష పడింది. 1986లో బిడ్డ వేసుకున్న చిన్న జాకెట్ డింగోలు తిరిగే చోట దొరికాక విడుదల చేశారు. 1988లో శిక్ష కొట్టేశారు. డింగోయే కారణమని అధికారికంగా రాసింది 2012లో. ముప్పై రెండేళ్ళు!

రెండు కేసులూ పక్కపక్కన పెట్టండి. ప్రశాంతమైన గొంతుతో మాట్లాడిన డాక్టర్ కీలకమైన గంటని దాటేశాడు. ఏడవకుండా మాట్లాడిన తల్లి నిజం చెప్పింది.

మన దగ్గరా చూశాం. 2020 జూన్‌లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చనిపోయినప్పుడు నెలల తరబడి టీవీలూ ఫోన్లూ తీర్పులిచ్చేశాయి. ఎయిమ్స్ డాక్టర్ల బృందం హత్య కాదంది. 2025 మార్చిలో సీబీఐ కేసు మూసేస్తూ రిపోర్ట్ ఇచ్చింది. ఇలాంటి మీడియా ట్రయల్ న్యాయానికే అడ్డమని 2021 జనవరిలో బాంబే హైకోర్టు అంది. ఆ నెలల్లో మాటలు పడ్డవాళ్ళకి అవి ఎవరు వెనక్కి తీసుకుంటారు?

అందుకని, ఈసారి ఇలాంటి ఇంటర్వ్యూ చూసినప్పుడు ముర్రే కేసు నేర్పిన నాలుగు పనులు చెయ్యండి.

ఒకటి, ఒకే విషయాన్ని ఆ మనిషి ఎవరెవరికి ఎలా చెప్పాడో పక్కపక్కన పెట్టి చూడండి. అంబులెన్స్ వాళ్ళకి ఒకటి, పోలీసులకి ఇంకోటి అయితే ఆగి ఆలోచించాలి. చిన్న చిన్న తేడాలు మాత్రం ఎవరి జ్ఞాపకంలోనైనా ఉంటాయి, వాటిని పట్టుకుని వేలాడొద్దు.

రెండు, టైము లెక్క వెయ్యండి. కథలో ఎక్కడ గంటలు మాయమవుతున్నాయో చూడండి.

మూడు, ఎక్కడ వివరాలు ఎక్కువ, ఎక్కడ తక్కువ అని చూడండి. ముర్రే రాత్రంతా గంటగంటకీ మిల్లీగ్రాములతో సహా చెప్పాడు. తీరా ముఖ్యమైన గంట వచ్చేసరికి రెండు నిమిషాల్లో తేల్చేశాడు.

నాలుగు, ఆ మనిషి చేతిలో లేని సాక్ష్యం ఏముందో వెతకండి. కాల్ రికార్డు, మందుల బిల్లు, పోస్ట్‌మార్టం రిపోర్ట్. అవి ఇంకా బయటికి రాలేదంటే మనం తీర్పు చెప్పే టైమూ రానట్టే. అప్పటిదాకా ఆ ఎర్ర బాణాల వీడియోని ఫార్వర్డ్ చెయ్యకుండా ఆపినా చాలు, ఎక్కడో ఒక లిండీకి మేలు చేసినవాళ్ళవుతారు.

ఇవాల్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.